ఒక ఖాళీ స్లాటు

మా ఇంటి స్లాబు మీద పిల్లర్ల ఊచలు పైకి లేచి ఉంటాయి. 2012లో ఇల్లు కట్టినప్పుడు పై అంతస్తు కోసమని వదిలినవి. పై అంతస్తు ఇంకా రాలేదు. అమ్మ వాటికి తాడు కట్టి బట్టలు ఆరేస్తుంది. నాన్న రెండు మూడేళ్ళకోసారి తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూస్తాడు. మాది అమృతలూరు. మీలో చాలామందికి తెలియదు, తెనాలి పక్కన అంటేనే "ఓహో" అంటారు. మా మండలంలో ఏ ఊరెళ్ళినా, గోవాడ వెళ్ళండి, ఇంటూరు వెళ్ళండి, డాబాల మీద ఈ ఊచలు కనిపిస్తాయి.

ల్యాప్‌టాప్ గురించి రాస్తానని పేరిచ్చి ఊచల దగ్గర మొదలుపెట్టాడేంటి అనుకోకండి. "అప్‌గ్రేడబుల్" అన్న మాట మా నాన్నకి అర్థమయ్యేలా చెప్పటానికి నాకు దొరికిన దారి అదొక్కటే.

2023లో కాలేజీలో చేరినప్పుడు నాన్న ఒక మాటిచ్చాడు: "వరి అమ్మగానే కొంటాలే. డెబ్బై అయిదు వేల దాకా చూసుకో." అంతే, అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. నోట్‌బుక్ చివరి పేజీలో నాలుగు కోరికలు రాసుకున్నాను. చిన్నగా ఉండాలి. తేలిగ్గా ఉండాలి. తర్వాత పార్టులు మార్చుకునేలా ఉండాలి. గేమ్స్ బాగా ఆడాలి. ఇంట్లో మాత్రం నాలుగోది చెప్పలేదు. దాని బదులు "కోడింగ్" అని చెప్పాను. మీలో ఎంతమంది అలా చెప్పలేదో చేతులెత్తండి చూద్దాం.

క్యాంటీన్లో ఒక సీనియర్ అన్నకి ఆ పేజీ చూపిస్తే పడీ పడీ నవ్వాడు. "అవ్వా కావాలి బువ్వా కావాలి అంటే ఎట్టా తమ్ముడూ? మూడు ఉంచుకో, ఒకటి కొట్టెయ్."

ఏది కొట్టెయ్యాలి? ఆ ఒక్క ప్రశ్నకి జవాబు వెతకటానికి నాకు ఏడాది పట్టింది.

బరువు సంగతి ముందు. నేను డే స్కాలర్‌ని. పొద్దున మా ఊళ్ళో ఆర్టీసీ బస్సెక్కి తెనాలి, అక్కడ దిగి కాలేజీ బస్సు. మొదటి బస్సులో సీటు దొరికితే ఆ రోజు పండగే. బ్యాగు వీపుకి తగిలించుకుంటే వెనకాయన తిడతాడు, అందుకని చంటిపిల్లాడిలా పొట్ట మీద మోస్తూ నిలబడాలి. ఒక శనివారం క్లాస్‌మేట్ గేమింగ్ ల్యాప్‌టాప్ అడిగి తెచ్చుకున్నాను, ఎలా ఉంటుందో చూద్దామని. ఊరొచ్చేసరికి భుజాలు లాగేశాయి. మా వీధి చివర కిరాణా కొట్టులో కాటా మీద పెట్టించాను. మిషన్ ఒక్కటీ రెండు కేజీల మూడొందలు. ఛార్జరుతో కలిపితే మూడు కేజీలకి ఓ గుప్పెడు తక్కువ. కొట్టాయన అడిగాడు, "ఏందిరా అబ్బాయ్, ఇది కేజీ ఎంత?" ఆ ఛార్జరుని ఇటుక అని ఎందుకంటారో చేత్తో పట్టుకుంటే గానీ తెలియదు.

ఆ రాత్రి కరెంటు పోయింది. ఆట మధ్యలో ఉండగా బ్యాటరీ మీద గంట కూడా రాలేదు. పైగా ఛార్జరు లేకపోతే ఆ గ్రాఫిక్స్ చిప్పు పూర్తి జోరు చూపించదు. అంటే ఇటుక ఇంట్లో వదిలి వెళ్ళే వీల్లేదు.

సరే, డబ్బులుంటే తేలికైనవి లేవా అంటే ఉన్నాయి. ఆసుస్ వాళ్ళ జెఫైరస్ జీ14 అని ఒకటి ఉంది. 2020లో వచ్చిన మొదటి మోడల్ పద్నాలుగంగుళాలు, కేజీ ఆరొందలు, అయినా గట్టి గేములు ఆడేది. దాని ఫొటోని ఫోన్లో వాల్‌పేపర్‌గా పెట్టుకున్నాను. అందులో ఎనిమిది జీబీ ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, పక్కన ఒక స్లాటు ఖాళీ. నాకు పిచ్చిగా నచ్చింది ఆ ఖాళీ స్లాటు. అదే జీ14 2024 మోడల్ ఇంకా సన్నబడింది, ఇంకో వంద గ్రాములు తగ్గింది. ఖాళీ స్లాటు పోయింది. ర్యామ్ మొత్తం బోర్డుకే సోల్డర్ చేశారు. కొన్నప్పుడు ఎంతో, పోయేదాకా అంతే.

కంపెనీలు కావాలనే చేస్తున్నాయి అని మనం తిట్టుకుంటాం. కొంత నిజమే. కానీ ఈసీఈ వాళ్ళని అడగండి, ఇంకో కారణం చెబుతారు. ప్రాసెసరుకి ర్యామ్ ఎంత దగ్గరగా ఉంటే, మధ్యలో కనెక్టరు లేకుండా ఉంటే, అంత తక్కువ కరెంటుతో అంత వేగంగా నడుస్తుంది. పైగా స్లాటుకి మందం కావాలి. అందుకే సన్నటి వాటిలో స్లాటు బతకటం కష్టం. ఈ రెంటికీ రాజీ కోసం క్యామ్2 అని కొత్త పద్ధతి వచ్చింది. పలచటి పలకలా ఉంటుంది, స్క్రూలతో బిగిస్తారు. డెల్ మొదలుపెట్టిన ఆలోచనని 2023 చివర్లో జెడెక్ సంస్థ ప్రమాణంగా తీసుకుంది. మన బడ్జెట్ల దాకా రావటానికి ఇంకా టైముంది.

ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఎలాగోలా మార్చుకోవచ్చు. గ్రాఫిక్స్ చిప్పు? దాదాపు అన్ని ల్యాప్‌టాపుల్లో అది బోర్డుకి అతుక్కునే ఉంటుంది. నీరవ్ పటేల్ అనే ఆయన పెట్టిన ఫ్రేమ్‌వర్క్ కంపెనీ 2023లో పదహారంగుళాల మోడల్ ఒకటి ప్రకటించింది. దాని వెనక గ్రాఫిక్స్ డబ్బా ఊడదీసి కొత్తది పెట్టొచ్చు. ఉత్త మాటేమో అనుకున్నాను గానీ, 2025లో నిజంగానే ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5070తో కొత్త డబ్బా తెచ్చారు, పాత మిషన్లకే పట్టేలా. చప్పట్లు కొట్టాల్సిందే. కానీ గ్రాఫిక్స్‌తో కలిపి అది రెండు కేజీల నాలుగొందలు. మా కొట్టాయన కాటా మీద పాత కథే.

ఇలా నేను స్పెక్స్‌లో మునిగి తేలుతుండగా మిచౌంగ్ వచ్చింది.

2023 డిసెంబరు 5 మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. సగం చేను కోసి పనల మీద ఉంది. మిగతా సగం మిషన్ కోత కోసం ఆగి ఉంది. గాలి తగ్గాక వెళ్ళి చూస్తే నిలబడ్డ చేను అంతా చాప పరిచినట్టు పడుంది, పనలు నీళ్ళలో తేలుతున్నాయి. గట్లకి గండ్లు కొట్టి నీళ్ళు తీశాం. మూడు రోజులు నాన్న, నేను, మా బాబాయి తడిసిన పనలు ఎత్తి గట్టు మీద వేశాం. అప్పటికే కొన్ని కంకులు మొలకొచ్చేశాయి. రంగు మారిన ధాన్యాన్ని అడిగే దిక్కు లేదు, అడిగినవాడు చెప్పే రేటు వింటే అమ్మకుండా ఉంటేనే నయం అనిపించేది. కౌలు బస్తాలు మాత్రం లెక్క ప్రకారం కొలవాలి.

నోట్‌బుక్ చివరి పేజీ మళ్ళీ తీయటానికి సిగ్గేసింది. నాన్నే ఒకరోజు అన్నం తింటూ అన్నాడు, "నువ్వేం అనుకోమాక. జొన్న వేత్తన్నాం గదా, అది రానీ. ముప్పై వేల దాకా అయితే ఇబ్బంది ఉండదు."

అప్పుడే నేను స్లాబు ఎక్కి ఊచలు చూపించింది. "నాన్నా, ఇప్పుడు కింద అంతస్తు చాలు. ఊచలు వదిలిన మిషన్ కొనుక్కుంటా. పై అంతస్తు తర్వాత నెమ్మదిగా వేసుకుందాం." నాన్న ఊచల వంక చూసి, "వదలటం తేలికేరా" అన్నాడు. ఇంకేం అనలేదు.

ముప్పై వేలకి కొత్తది కొంటే ఆటల మాట దేవుడెరుగు. ఇక మిగిలింది సెకండ్ హ్యాండ్ ఆఫీసు మోడళ్ళు. కంపెనీలు మూడేళ్ళు వాడి గుంపగుత్తగా అమ్మేస్తాయి, అవి శుభ్రం చేయించుకుని షాపులకొస్తాయి. చూడటానికి బ్యాంకు మేనేజరు బ్యాగులోంచి తీసినట్టు నీరసంగా ఉంటాయి గానీ, లోపల మనకి కావాల్సినవే ఉంటాయి. ఉదాహరణకి హెచ్‌పీ ఎలైట్‌బుక్ 845 జీ8. పద్నాలుగంగుళాలు, కేజీన్నర లోపు, రైజెన్ 5 ప్రో, రెండు ర్యామ్ స్లాట్లు. అదే తరగతిలో థింక్‌ప్యాడ్ టీ14 ఏఎండీ మొదటి తరంలో ఒక ర్యామ్ అతికించి, ఒకటే స్లాటు ఉంటుంది. మోడల్ పేరులో ఒక్క అంకె మారినా స్లాట్ల లెక్క మారిపోతుంది. అందుకని కొనే ముందు ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ డౌన్‌లోడ్ చేసి, మూత తీసిన బొమ్మ చూడండి. కంపెనీ సైట్లలో ఉచితంగానే ఉంటాయి. షాపువాడి మాట కంటే ఆ బొమ్మ నమ్మకం. నేను చివరికి ఏది కొన్నానో పేరు చెప్పను, రెండు స్లాట్లున్నదని మాత్రం గుర్తుపెట్టుకోండి.

2024 మే. జొన్న డబ్బులొచ్చాయి. తెనాలిలో రాత్రి రైలెక్కి నేనూ నాన్నా సికింద్రాబాదు వెళ్ళాం. పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటరు, అందరూ సీటీసీ అంటారు, ఆ చుట్టుపక్కల సందుల నిండా కంప్యూటర్ షాపులే. నాన్న పంచె కట్టుకుని వచ్చాడు. ఎస్కార్టుకి వచ్చాడనుకున్నాను, బేరానికి వచ్చాడని తర్వాత తెలిసింది.

మొదటి షాపులో నేను నచ్చిన మోడల్ అడిగి, "అన్నా, ఒకసారి వెనక మూత తీసి చూపిస్తారా?" అన్నాను. "మూత తీస్తే వారంటీ పోతుంది, అన్నీ అప్‌గ్రేడబులే, నమ్ము" అన్నాడు. నేను తల ఊపబోతుంటే నాన్న అందుకున్నాడు.

"పళ్ళు చూడకుండా గేదెను కొంటామా బాబూ?"

షాపాయనకి అర్థం కాలేదు. నాన్న లేచి నిలబడ్డాడు. అది మాత్రం అర్థమైంది. కుర్రాడొకడు స్క్రూడ్రైవర్ తెచ్చాడు. మూత తీస్తే ఒకే ఒక్క స్లాటు, అదీ నిండి ఉంది. నాలుగో షాపులో గానీ నా బొమ్మలో ఉన్న లోపలి భాగం కనిపించలేదు. ఒక స్లాటులో ఎనిమిది జీబీ, పక్కది ఖాళీ. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. ఇరవై ఎనిమిది వేలన్నారు. నేను ప్రాసెసరు, బ్యాటరీ సైకిళ్ళు, కీబోర్డు అన్నీ చెక్ చేసి, పెద్ద ఇంజినీరులా "కోడింగ్‌కి సరిపోద్దా?" అని కూడా అడిగాను, నాన్న వినాలని.

నాన్న నా వంక చూడకుండా షాపాయనని అడిగాడు, "ఆటలు బాగా ఆడతయ్యా ఇందులో?"

ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు. షాపాయన, "చిన్నవి ఆడుతాయి పెద్దాయనా, పెద్దవి కష్టం" అన్నాడు. "ఇంకో ర్యామ్ వేత్తే?" అన్నాడు నాన్న. ఇంట్లో ఫోన్లో మావాడితో నేను రాత్రుళ్ళు వాదించుకున్నదంతా విన్నాడన్నమాట. ఇరవై ఆరు వేల అయిదొందలకి తెగింది. తిరుగు రైల్లో ఆటల ఊసెత్తలేదు. బ్యాగు మాత్రం తనే ఒళ్ళో పెట్టుకున్నాడు. "తేలిగ్గానే ఉంది" అన్నాడు ఒకసారి.

ఇక్కడ కాస్త పాఠం, ఓపిక పట్టండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాపుల్లో గ్రాఫిక్స్ ప్రాసెసరులోనే ఉంటుంది. దానికి సొంత మెమరీ ఉండదు, మామూలు ర్యామ్‌నే వాడుకుంటుంది. డీడీఆర్4 3200 ర్యామ్ ఒక్కటే ఉంటే సెకనుకి 25.6 జీబీ వరకే అందుతుంది. రెండు స్లాట్లలో రెండు పెడితే 51.2. మా భాషలో చెప్పాలంటే, కాలువలో నీళ్ళు బోలెడున్నా చేనుకి ఒకటే తూము ఉంటే ఏం లాభం? రెండో తూము తెరిస్తే అదే కాలువ, అదే చేను, తడి మాత్రం వేరు. అందుకే పదహారు జీబీది ఒక్కటి కొనటం కంటే ఎనిమిదివి రెండు పెట్టటం ఇలాంటి వాటికి మేలు. నాకు ఎనిమిది నెలలు ఒక తూముతోనే గడిచింది. జీటీఏ 5 ఆడితే ఫ్రేములు ముప్పై అయిదు దాటేవి కావు, కారు మలుపు తిప్పినప్పుడల్లా బొమ్మ ఆగి ఆగి వచ్చేది.

2025 సంక్రాంతికి ముందు వరి అమ్మిన రోజు నాన్నే అడిగాడు, "ఆ ఖాళీ గది ఎంతయ్యిద్దిరా?" పదిహేడొందల యాభై అన్నాను. జేబులోంచి రెండు వేలు తీసిచ్చాడు. చిల్లర అడగలేదు.

ర్యామ్ వచ్చిన సాయంత్రం కరెంటు లేదు. నాన్న టార్చి పట్టుకున్నాడు. స్క్రూలు వదులు చేసి, ముందు బ్యాటరీ కనెక్టరు పీకి, ముక్కని ఏటవాలుగా దూర్చి కిందికి నొక్కితే టక్ మని కూర్చుంది. మూత బిగించి స్విచ్ నొక్కాను. తెర నల్లగా ఉండిపోయింది. ఐదు సెకన్లు. పది. ఇరవై. అమ్మ "ఉన్నదీ పోగొట్టారా?" అంది. నాన్న టార్చి ఆర్పలేదు, దించలేదు. అర నిమిషం దాటాక కంపెనీ గుర్తు వెలిగింది. కొత్త ర్యామ్ పెట్టిన మొదటిసారి మిషన్ దాన్ని పరీక్షించుకోవటానికి కొంచెం టైము తీసుకుంటుందని తర్వాత చదివాను. మీకు ముందే చెబుతున్నా, కంగారుపడి మధ్యలో ఆపేయకండి.

జీటీఏ యాభై అయిదు ఫ్రేములకి వెళ్ళింది. కానీ నా మనసులో ఉన్న ఆట వేరే. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2. దానికి నూట యాభై జీబీ జాగా కావాలి. ఉన్నదే 256. సినిమాలు, ఫొటోలు, మొదటి సంవత్సరం పీడీఎఫ్‌లు అన్నీ పెన్‌డ్రైవుల్లోకి ఎత్తి, స్టీమ్ సేల్‌లో కొని వేశాను. 720పీలో, అన్ని సెట్టింగులూ అడుక్కి దించితే, ముప్పై ఫ్రేములు. గేమింగ్ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళు నవ్వుకుంటారు, నవ్వుకోండి. గుర్రం నడిచింది. మంచులో నడిచింది, బురదలో నడిచింది.

నాన్న వెనక నులకమంచం మీద కూర్చుని చూసేవాడు. తుపాకులు పేలితే లేచి వెళ్ళిపోతాడు. గుర్రం ఒక్కటే దారిన పోతుంటే మాత్రం చూస్తాడు. "ఏందట్టా ఉరికిత్తన్నావ్? దానికి కాసిని నీళ్ళు పట్టరా" అంటాడు. ఒకసారి గుర్రం బండ మీద నుంచి పడి చచ్చిపోతే రెండు రోజులు నా ఆట చూట్టానికి రాలేదు.

ఈ వ్యాసం ఇక్కడితో ఆపి, "సెకండ్ హ్యాండ్ కొనండి, తర్వాత ర్యామ్ వేసుకోండి" అని చెప్పేద్దామనే మొదలుపెట్టాను. ఈలోగా డిసెంబరులో మా ఊరి జూనియర్ ఒకడు సలహా అడిగాడు. వాడికీ ఇదే లెక్క చెప్పి, ర్యామ్ ధర చూపిద్దామని ఫోన్ తీస్తే నా కళ్ళు నేనే నమ్మలేదు. నేను పదిహేడొందల యాభైకి కొన్న ముక్క ధర రెండింతలు దాటేసింది. ప్రపంచంలో మెమరీ చిప్పులు ఎక్కువ భాగం తయారు చేసేది మూడే కంపెనీలు, శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ డేటా సెంటర్లు ఎంత ఇచ్చినా కొంటుంటే వాళ్ళు అటు తిరిగారు. నా ర్యామ్ మీద క్రూషియల్ అని ఉంటుంది. మైక్రాన్ వాళ్ళు మనలాంటి వాళ్ళకి ఆ పేరుతో అమ్మటమే ఆపేస్తామని 2025 డిసెంబరులో ప్రకటించారు. చాట్‌బాట్‌తో అసైన్‌మెంట్లు రాయించుకున్న పాపం ఇలా తగులుతుందనుకోలేదు.

అంటే స్లాటు ఖాళీగా వదలటం కూడా ఒక జూదమే. రేపటి ధర ఇవాళ్టి కంటే తగ్గుతుందనుకుని ఆడే జూదం. కంప్యూటర్లలో చాలా ఏళ్ళు అది నిజమైంది కాబట్టి మనం దాన్ని సూత్రం అనుకున్నాం. నాన్నకి చెబితే ఆశ్చర్యపోలేదు. "మనం ఇల్లు కట్టినప్పుడు ఇనుం ఎంత, ఇప్పుడెంత?" అన్నాడు. ఆ రోజు స్లాబు మీద "వదలటం తేలికేరా" అన్నది ఇదేనేమో.

జూనియర్‌కి చివరికి ఇలా చెప్పాను. రెండు స్లాట్లున్నదే చూడు, కానీ షాపువాడి దగ్గర రెండూ నిండి ఉన్న మిషన్ దొరికితే వెయ్యి, రెండు వేలు ఎక్కువైనా అదే తీసుకో. విడిగా కొంటే అంతకంటే ఎక్కువవుతుంది. వాడు "మరి నువ్వు ఊచలన్నావుగా అన్నా?" అన్నాడు. వాడి ఇంటి మీదా ఉన్నాయి.

నాకు ఈ పంటకి ఎస్‌ఎస్‌డీ మార్చాలని ఉండేది, ఒక టీబీది. అక్టోబరు చివర్లో మొంథా తుఫాను నరసాపురం వైపు వెళ్ళినా మా చేలల్లో కూడా నీళ్ళు నిలిచాయి. మిచౌంగ్ అంత కాదు గానీ దిగుబడి తగ్గింది. ఎస్‌ఎస్‌డీల ధరలూ ర్యామ్ దారే పట్టాయి. నేను అడగలేదు. ప్రాజెక్టు సాఫ్ట్‌వేర్లకి జాగా చాలక, పోయిన నెల రెడ్ డెడ్ తీసేశాను. నూట యాభై జీబీ పోవటానికి నిమిషం కూడా పట్టలేదు.

మొన్న ఆదివారం నేను కోడ్ రాసుకుంటుంటే, ఈసారి నిజంగానే కోడ్, నాన్న వచ్చి మంచం మీద కూర్చున్నాడు. కాసేపు తెర వంక చూశాడు.

"గుర్రం ఏదిరా?"

"తీసేశా నాన్నా. జాగా చాల్లేదు."

"మళ్ళీ వచ్చిద్దా?"

"వచ్చిద్ది. పై పంటకి."

నాన్న తలూపి, సిమెంటు బక్కెట్టు తీసుకుని స్లాబెక్కాడు.